వర్చువల్ రియాలిటీ: సాంకేతికత, సమాజం – ఒక చారిత్రక పరిశీలన

పరిచయం

ముద్రణాయంత్రం, టెలిగ్రాఫ్, సినిమా, రేడియో సమాజాన్ని ఎలా మార్చాయో వెనుకటి పాఠాల్లో చదువుకున్నాం. ఈ పాఠంలో ఇంకా కుదురుకోని ఒక సాంకేతికతను తీసుకుంటున్నాం. తలకు ఒక పరికరం తగిలించుకుంటే చుట్టూ ఉన్న గది మాయమై మరో లోకం కనబడుతుంది. తల తిప్పితే ఆ లోకమూ అందుకు తగ్గట్టు తిరుగుతుంది. దీన్నే వర్చువల్ రియాలిటీ (వి.ఆర్.) అంటున్నాం. చరిత్ర విద్యార్థికి దీంతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. పత్రికలు దీన్ని నిన్నగాక మొన్న పుట్టినదన్నట్టు రాస్తుంటాయి కానీ, దీని వెనుక రెండు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో రెండు ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. ఈ యంత్రానికి డబ్బు ఎవరు పెట్టారు? అందులో చూసేవారిని ఎవరి పక్షాన నిలబెట్టారు? పాఠం చదువుతున్నంతసేపూ ఈ రెండింటినీ దగ్గర పెట్టుకోండి.

ముందుగా పేరు సంగతి చూద్దాం. పాఠశాల భౌతికశాస్త్రంలో మీరు 'మిథ్యా ప్రతిబింబం' అనే మాట చదివే ఉంటారు. అద్దంలో కనిపించే మీ ముఖం అలాంటిదే. దాన్ని తెర మీద పట్టలేం. అయినా బొట్టు సరిచేసుకోవడానికీ, గడ్డం గీసుకోవడానికీ అది చాలు. 'వర్చువల్' అనే మాటకు అర్థం ఇదే: అసలుది కాదు, కానీ పనికి మాత్రం అసలుదానిలాగే వస్తుంది. అందుకే కొందరు వి.ఆర్.ను తెలుగులో 'మిథ్యా వాస్తవికత' అంటున్నారు. 'మిథ్య' అనగానే వేదాంతం గుర్తుకొచ్చి ఇదంతా ఒట్టి భ్రమ అనుకునే ప్రమాదం ఉంది. ఇక్కడ వేదాంతార్థాన్ని పక్కనపెట్టి అద్దం అర్థాన్నే తీసుకోండి. ఫ్రెంచి నాటకకర్త ఆంటోనిన్ ఆర్టో 1938లోనే రంగస్థలాన్ని గురించి చెబుతూ ఈ జంటపదాన్ని వాడాడు. ఈనాటి అర్థంలో దాన్ని వ్యాప్తిలోకి తెచ్చినవాడు 1980లలో జారన్ లానియర్ అనే అమెరికన్ యువకుడు.

ఇంకొక మాట. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నాకు తరచుగా కనిపించిన వాక్యం ఒకటుంది: "మయసభ ఉన్నది కనుక వర్చువల్ రియాలిటీ మనకు ద్వాపరయుగంలోనే తెలుసు." దుర్యోధనుడు నేలను చూసి నీరనీ, నీటిని చూసి నేలనీ భ్రమపడిన ఘట్టం గొప్ప కల్పన. భ్రమ ఎంత అవమానానికి, ఎంత యుద్ధానికి దారితీయగలదో ఆ కథ చెబుతుంది. కానీ కల్పన వేరు, సాంకేతికత వేరు. ఒక ఊహ ఉన్నదన్నంత మాత్రాన యంత్రం ఉన్నట్టు కాదు. చరిత్ర విద్యార్థి ఈ తేడా మరచిపోకూడదు.

చుట్టూ కమ్ముకున్న చిత్రం

మనిషిని బొమ్మ ముందు నిలబెట్టడం పాత సంగతి. బొమ్మ లోపల నిలబెట్టాలన్న ప్రయత్నానికి ఒక స్పష్టమైన తేదీ ఉంది. ఎడిన్‌బరోలో చిత్రకారుడిగా ఉన్న రాబర్ట్ బార్కర్ 1787లో గుండ్రని చిత్రప్రదర్శనకు పేటెంటు తీసుకున్నాడు. తరువాత దానికి 'పనోరమా' అనే పేరు స్థిరపడింది. 1793లో లండన్‌లోని లీస్టర్ స్క్వేర్‌లో ఇందుకోసమే ఒక గుండ్రని భవనం కట్టించాడు. ప్రేక్షకులు ఒక చీకటి దారిలో నడిచి, మెట్లెక్కి మధ్యలో ఉన్న వేదిక మీదికి వచ్చేవారు. చుట్టూ 360 డిగ్రీల చిత్రం. పైఅంచు కనబడకుండా పందిరి, కింది అంచు కనబడకుండా మరుగు. చీకటి దారి ఎందుకంటే, బయటి వీధి కళ్ళలోంచి తుడిచిపెట్టుకుపోవాలి. నేటి హెడ్‌సెట్‌కు చుట్టూ ఉండే నల్లని స్పంజి అంచు చేసే పని కూడా ఇదే. నౌకాదళాన్ని చూపిన ఒక పనోరమాలో నిలబడిన షార్లెట్ రాణికి సముద్రప్రయాణంలోలా కడుపులో తిప్పిందని చెప్పుకునేవారు. అది ఎంతవరకు నిజమో గానీ, వి.ఆర్.ను ఈనాటికీ వదలని వికారం అన్న ఫిర్యాదు ఇలా మొదటి రోజుల్లోనే వినబడింది.

దక్షిణ భారతదేశానికి ఈ చరిత్రలో నేరుగా ఒక స్థానం ఉంది. 1799 మే 4న ఈస్టిండియా కంపెనీ సైన్యాలు శ్రీరంగపట్నాన్ని పట్టుకున్నాయి, టిప్పు సుల్తాన్ యుద్ధంలో మరణించాడు. ఆ యుద్ధంలో నిజాం సేనలు కంపెనీ పక్షాన ఉన్నాయన్నది మీరు ఇంతకుముందే చదివారు. ఏడాది తిరిగేలోపు, 1800లో, లండన్‌లోని లైసియంలో 'శ్రీరంగపట్నం ముట్టడి' పేరుతో అర్ధవృత్తాకారంలో ఒక భారీ చిత్రం ప్రదర్శనకు వచ్చింది. గీసినవాడు రాబర్ట్ కెర్ పోర్టర్, ఇరవైల్లో ఉన్న యువకుడు. అతడు భారతదేశం చూసినవాడు కాదు. లండన్‌కు చేరిన వార్తలు, వర్ణనల ఆధారంగా కోటగోడను, పొగను, ఎగబాకుతున్న సైనికులను గీశాడు. జనం విరగబడ్డారు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ ప్రేక్షకుడు ఎక్కడ నిలబడ్డాడు? కోట బయట, దాడి చేస్తున్న సైన్యం వైపున. గోడ లోపల ఉన్నవారి కళ్ళతో ఆ రోజును చూసే అవకాశం ఆ వేదిక మీద లేదు. గోడకు వేలాడే మామూలు బొమ్మనైతే దూరంగా నిలబడి విమర్శించవచ్చు. చుట్టూ కమ్ముకున్న బొమ్మలో మాత్రం మనం ఎటు చూసినా చిత్రకారుడు ఎంచుకున్న చోటు నుంచే చూస్తాం. స్వేచ్ఛగా తల తిప్పుతున్నాం కాబట్టి మనమే చూస్తున్నామనుకుంటాం. వలస పాలన గురించి మీరు చదివిన పుస్తకాల్లో ఈ పనోరమా ప్రస్తావన అరుదు. నా దృష్టిలో గవర్నర్ జనరల్ ఉత్తరాలు ఎంత ముఖ్యమో, సామాన్య లండన్ పౌరుడి మనసులో భారతదేశం ఎలా కుదురుకుందో తెలుసుకోవడానికి ఇదీ అంతే ముఖ్యం.

రెండు కళ్ళ కిటుకు

పనోరమాలో విస్తృతి ఉంది, లోతు లేదు. లోతు కిటుకును బయటపెట్టినవాడు చార్లెస్ వీట్‌స్టన్. మన రెండు కళ్ళ మధ్య సుమారు ఆరు సెంటీమీటర్ల దూరం ఉంటుంది. అందువల్ల ఒక్కో కంటికి కాస్త వేరైన దృశ్యం అందుతుంది. మెదడు ఆ తేడానే లోతుగా చదువుకుంటుంది. ఒక వేలు ముక్కు ముందు పెట్టుకుని ఒక్కో కన్నూ మూసి చూడండి, వేలు పక్కకు గెంతుతుంది. 1838లో వీట్‌స్టన్ రెండు అద్దాలతో ఒక పరికరం చేసి, రెండు చదునైన బొమ్మలను కలిపి లోతున్న ఒకే దృశ్యంగా చూపించాడు. అదే స్టీరియోస్కోప్. ఫోటోగ్రఫీ వచ్చాక డేవిడ్ బ్రూస్టర్ 1849లో కటకాలతో చేతిలో ఇమిడే రూపం ఇచ్చాడు. 1851 లండన్ మహా ప్రదర్శన తరువాత అది మధ్యతరగతి ఇళ్ళకు చేరింది. అమెరికాలో అండర్‌వుడ్ అండ్ అండర్‌వుడ్ సంస్థ దేశాల వారీగా జంటఫోటోల పెట్టెలు అమ్మింది. వాటిలో భారతదేశం పెట్టె కూడా ఉంది, దాంతోపాటు చదువుకోవడానికి ఒక మార్గదర్శి పుస్తకం.

మన ప్రాంతంలో తిరునాళ్ళకు బయస్కోపు పెట్టె తెచ్చే మనిషి ఇలాంటి కుతూహలాన్నే పావలాకు, అర్ధరూపాయికి తీర్చేవాడు. 1984లో వచ్చిన త్రీడీ సినిమా 'చిన్నారి చేతన' చూసినవారు మీ ఇళ్ళలో ఎవరైనా ఉంటే, తెరలోంచి వస్తువు మీదికి వచ్చినప్పుడు హాలంతా ఎలా వెనక్కు వాలిందో చెబుతారు. అదీ వీట్‌స్టన్ సూత్రమే.

ఆర్గాన్ తిత్తులతో విమానం

చూడటం నుంచి చేయడానికి మారిన మలుపు ఒక వాద్యాల కర్మాగారంలో జరిగింది. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్‌లో ఎడ్విన్ లింక్ తండ్రికి పియానోలు, ఆర్గాన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. ఎడ్విన్‌కు విమానం నడపాలని పిచ్చి, కానీ పాఠాలకు ఖర్చు ఎక్కువ. ఆర్గాన్‌లో గాలిని నింపే తిత్తులను ఒక చిన్న చెక్క విమానం కింద అమర్చాడు. కర్ర లాగితే ముక్కు లేస్తుంది, పక్కకు తిప్పితే ఒరుగుతుంది. 1929 నాటికి యంత్రం సిద్ధమైంది. మొదట కొన్నది ఎవరో తెలుసా? వినోద పార్కులు. పైలట్ల శిక్షణకు దీన్ని ఎవరూ లెక్కచేయలేదు.

1934లో పరిస్థితి మారింది. అమెరికా ప్రభుత్వం ప్రైవేటు సంస్థల తపాలా కాంట్రాక్టులు రద్దుచేసి, విమాన తపాలా పనిని సైన్యానికి అప్పగించింది. రాత్రివేళ, మంచులో, పొగమంచులో కేవలం మీటర్లు చూసి నడపడం అలవాటులేని సైనిక పైలట్లు కొద్ది వారాల్లోనే డజనుమంది వరకు చనిపోయారు. అప్పుడు సైన్యానికి లింక్ పెట్టె గుర్తొచ్చింది. ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు కొన్నది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి మిత్రరాజ్యాల పైలట్లు ఐదు లక్షలకు పైగా ఈ నీలిరంగు పెట్టెలో కూర్చుని నేర్చుకున్నవారే. చావుల లెక్క తేలేదాకా ప్రాణాలు కాపాడే యంత్రం జాతర బొమ్మగానే ఉండిపోయింది. దీన్ని ఒక్క అమెరికా కథ అనుకోకండి, రైలు సిగ్నళ్ళ నుంచి గని దీపాల దాకా భద్రతా సాంకేతికతల చరిత్రలో ఇదే వరుస కనబడుతుంది.

కళాకారుడు ఓడిపోయాడు, ఇంజనీరు గెలిచాడు

సినిమా ఛాయాగ్రాహకుడైన మోర్టన్ హైలిగ్ 1962లో 'సెన్సొరామా'కు పేటెంటు పొందాడు. ప్రేక్షకుడు ఒక పెట్టెలో తల దూర్చి కూర్చుంటే బ్రూక్లిన్ వీధుల్లో మోటారుసైకిలు ప్రయాణం త్రీడీలో కనబడుతుంది. కుర్చీ కంపిస్తుంది, ముఖానికి గాలి తగులుతుంది, వాసనలు కూడా వస్తాయి. ఎంత తిరిగినా పెట్టుబడి పెట్టేవారు దొరకలేదు. పైగా దానిలో ఒక మౌలిక లోపం ఉంది. చూసేవాడు ఎటు తిరిగినా ప్రయాణం ముందే చిత్రించిన దారిలోనే సాగుతుంది.

ఆ లోపాన్ని దాటించింది కంప్యూటర్. 1963లో ఎం.ఐ.టి.లో 'స్కెచ్‌ప్యాడ్' అనే ప్రోగ్రామ్‌తో తెర మీద గీతలు గీయించిన ఇవాన్ సదర్లాండ్, 1965లో ఒక చిన్న వ్యాసంలో కంప్యూటర్ తెరను మరో లోకంలోకి కిటికీలా భావించమన్నాడు. 1968లో హార్వర్డ్‌లో తన విద్యార్థి బాబ్ స్ప్రౌల్‌తో, మరికొందరితో కలిసి తలకు పెట్టుకునే ప్రదర్శన పరికరాన్ని నిర్మించాడు. కళ్ళకు రెండు పక్కలా చిన్న పిక్చర్ ట్యూబులు, తల కదలికను కొలవడానికి పైకప్పు నుంచి వేలాడే లోహపు కడ్డీ. పురాతన గ్రీకు కథలో తల మీద వేలాడే కత్తిని తలచుకుని దానికి 'డమోక్లిస్ ఖడ్గం' అని పేరు పడింది. కనిపించేది కేవలం గీతలతో గీసిన ఒక ఘనం. కానీ మీరు పక్కకు జరిగితే ఆ ఘనం పక్కముఖం కనబడుతుంది. వీక్షకుడి తల ఎక్కడుందో యంత్రం క్షణక్షణం కనుక్కుంటూ, అందుకు తగిన దృశ్యాన్ని అప్పటికప్పుడు లెక్కగట్టి గీస్తోంది. నా అభిప్రాయంలో వర్చువల్ రియాలిటీకి అసలైన పుట్టినరోజు ఇదే, మిగతావన్నీ పూర్వరంగం.

ఈ ఘనానికి ఎవరి డబ్బు? అమెరికా రక్షణశాఖకు చెందిన ఆర్పా, నౌకాదళ పరిశోధనా కార్యాలయం వంటి సంస్థలవి. సదర్లాండ్ అంతకుముందు ఆర్పాలోనే కంప్యూటర్ పరిశోధన విభాగానికి అధిపతిగా పనిచేశాడు. తరువాత డేవిడ్ ఎవాన్స్‌తో కలిసి అతడు స్థాపించిన సంస్థ విమాన సిమ్యులేటర్లకు దృశ్యాలు తయారుచేసింది. 1980ల ఆరంభంలో రైట్-పాటర్సన్ వైమానిక స్థావరంలో టామ్ ఫర్నెస్ బృందం యుద్ధవిమాన చోదకుడి కోసం ఒక భారీ శిరస్త్రాణాన్ని తయారుచేసింది. లెక్కకు మించిన మీటర్లు చూసి పైలట్ తికమకపడకుండా, ఆకాశాన్నీ శత్రువునూ ఒకే కృత్రిమ దృశ్యంగా చూపడం దాని ఉద్దేశం.

సైనిక ప్రయత్నాలన్నిటిలో చరిత్రకారులకు అత్యంత ఆసక్తికరమైనది 'సిమ్‌నెట్'. 1980లలో ఆర్పా వారసురాలైన డార్పా నిర్మించిన ఈ వ్యవస్థలో దూరదూరంగా ఉన్న స్థావరాల్లోని ట్యాంకు సిమ్యులేటర్లు ఒకే కల్పిత యుద్ధభూమిలో కలుసుకునేవి. 1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో '73 ఈస్టింగ్' అని పిలిచే ట్యాంకుల పోరు జరిగింది. వెంటనే అమెరికన్ సైన్యం ఆ పోరులో పాల్గొన్న తన సైనికుల వాంగ్మూలాలు, రేడియో రికార్డులు, నేల మీది ఆనవాళ్ళు సేకరించి, యుద్ధాన్ని నిమిషం నిమిషం సిమ్‌నెట్‌లో తిరిగి నిర్మించింది. ఎక్కడి నుంచైనా చూడవచ్చు, ఆకాశం నుంచి, శత్రు ట్యాంకు లోపలి నుంచి కూడా. ఇంత వివరంగా నమోదైన యుద్ధం ప్రపంచ చరిత్రలో అరుదు. అయినా ఆధారాలు ప్రధానంగా ఒక పక్షానివే. శత్రు ట్యాంకు లోపలి నుంచి చూడవచ్చు, కానీ అందులో కూర్చున్నవాడు ఏమనుకున్నాడో అక్కడ లేదు. కెర్ పోర్టర్ చిత్రంతో దీన్ని పోల్చి చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: శ్రీరంగపట్నం పనోరమా, 73 ఈస్టింగ్ పునర్నిర్మాణం – ఈ రెండింటినీ చారిత్రక ఆధారాలుగా వాడుకోవాలంటే మీరు ఏయే జాగ్రత్తలు తీసుకుంటారు? పది వాక్యాల్లో రాయండి.

చేతులు ఎక్కడ?

కొన్నేళ్ళ క్రితం ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతి తీసుకుంటూ, ఫోను పెట్టుకుని చూసే అట్టపెట్టె హెడ్‌సెట్‌ను విద్యార్థుల మధ్య తిప్పాను. అందులో ఒక ప్రాచీన కట్టడం ఉంది. అందరూ "అబ్బో" అన్నారు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేస్తూ డిగ్రీ చదువుతున్న ఒకామె మాత్రం చాలాసేపు చూసి, తీసి, "సార్, ఇందులో నా చేతులు కనబడటం లేదండీ" అంది. మిగతావాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. టికెట్లు కొట్టి, చిల్లర ఇచ్చి, బస్సులో నిలదొక్కుకుని బతికే మనిషికి చేతులు లేని లోకం లోకమెలా అవుతుంది?

ఆ ప్రశ్న ఈ రంగంలో నిజంగానే ఒక మలుపు. థామస్ జిమర్‌మన్ అనే యువకుడు గిటారు లేకుండా గాలిలో గిటారు వాయించాలన్న సరదాతో, వేళ్ళు వంగడాన్ని కొలిచే చేతితొడుగు తయారుచేశాడు. అతడు జారన్ లానియర్‌తో కలిశాక వి.పి.ఎల్. రీసెర్చ్ అనే చిన్న సంస్థ దాన్ని 'డేటాగ్లవ్'గా అమ్మింది. కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ కేంద్రంలో మైకేల్ మెక్‌గ్రీవీ, స్కాట్ ఫిషర్ తదితరులు జేబు టీవీల తెరలను శిరస్త్రాణానికి బిగించి, ఈ చేతితొడుగును జతచేశారు. ఇప్పుడు కల్పిత లోకంలో చూసేవాడికి చెయ్యి వచ్చింది. వస్తువు పట్టుకోవచ్చు, వదలవచ్చు. బరువు మాత్రం తెలియదు. ఆ కొరత నేటికీ పూర్తిగా తీరలేదు.

1990ల మొదట్లో పెద్ద ఊపు వచ్చింది. 1992లో 'ది లాన్‌మోవర్ మాన్' సినిమా, ఆటల దుకాణాల్లో వర్చువాలిటీ యంత్రాలు, సెగా సంస్థ ప్రకటించి చివరికి విడుదల చేయని హెడ్‌సెట్, 1995లో నింటెండో వారి ఎర్రగీతల 'వర్చువల్ బాయ్'. అది ఏడాది నిలవలేదు. వి.పి.ఎల్. దివాలా తీసింది. కారణాలు సాంకేతికమైనవే. తల తిప్పాక దృశ్యం మారడానికి సెకనులో యాభయ్యో వంతు కన్నా ఎక్కువ సమయం పడితే మెదడు పసిగడుతుంది. కళ్ళు కదిలామంటాయి, లోపలి చెవి కదల్లేదంటుంది, ఆ తగువులో కడుపు తిప్పుతుంది. నాటి కంప్యూటర్లకు అంత వేగం లేదు.

గాయానికి మందుగా

వ్యాపారం కూలిన ఆ దశాబ్దంలోనే ఆసుపత్రుల్లో నిశ్శబ్దంగా మంచి పని మొదలైంది. 1995లో బార్బరా రోత్‌బామ్, లారీ హాడ్జెస్ తదితరులు ఎత్తులంటే భయపడేవారికి కల్పిత వంతెనలు, బాల్కనీలు, గాజు లిఫ్టు చూపిస్తూ మెల్లమెల్లగా భయం తగ్గించవచ్చని నిరూపించారు. వియత్నాం యుద్ధంలో మనసు గాయపడిన మాజీ సైనికులకు కూడా ఇదే పద్ధతి వాడారు. యుద్ధం కోసం పెరిగిన యంత్రం యుద్ధగాయాన్ని మాన్పే పనికి వచ్చిందన్నమాట.

సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ బృందం కాలిన గాయాల రోగుల కోసం 'స్నోవరల్డ్' తయారుచేసింది. కాలిన చోట కట్టు విప్పి శుభ్రం చేసేటప్పుడు కలిగే బాధ మందులకు కూడా పూర్తిగా లొంగదు. ఆ సమయంలో రోగి మంచులోయలో తేలిపోతూ మంచుముద్దలు విసురుతుంటాడు. నొప్పి తెలియాలంటే దానికి ధ్యాస కావాలి, ఆ ధ్యాసను మంచు లాగేసుకుంటుంది. వి.ఆర్. గురించి నాకు నిస్సంకోచంగా మెచ్చుకోవాలనిపించే పని ఏదంటే ఇదే చెబుతాను.

కొత్త యజమానులు, కొత్త సరుకు

రెండో ఊపుకు కారణం మొబైల్ ఫోను. చిన్న తెరలు, కదలికలను పసిగట్టే సెన్సర్లు కోట్ల సంఖ్యలో తయారై చవకయ్యాయి. అమెరికన్ సైన్యం నిధులతో నడిచే ఒక విశ్వవిద్యాలయ పరిశోధనా కేంద్రంలో కొంతకాలం పనిచేసిన పామర్ లకీ 2012లో ఆక్యులస్ హెడ్‌సెట్ కోసం ప్రజల నుంచి విరాళాలు కోరాడు. రెండున్నర లక్షల డాలర్లు అడిగితే 24 లక్షలు వచ్చాయి. 2014లో ఫేస్‌బుక్ ఆ సంస్థను సుమారు 200 కోట్ల డాలర్లకు కొన్నది. అదే ఏడాది గూగుల్ అట్టముక్కతో చేసుకునే 'కార్డ్‌బోర్డ్' తెచ్చింది. 2021లో ఫేస్‌బుక్ తన పేరునే మెటాగా మార్చుకుంది. మరుసటి ఏడాది ఆ సంస్థ వి.ఆర్. విభాగం ఒక్కటే 1,300 కోట్ల డాలర్లకు పైగా నష్టం చూపింది.

అంత నష్టాన్ని ఒక వ్యాపార సంస్థ ఎందుకు భరిస్తుంది? సైన్యానికి కావలసింది నేర్చుకున్న పైలట్, వైద్యుడికి కావలసింది కుదుటపడిన రోగి. ప్రకటనల మీద బతికే సంస్థకు కావలసింది మనిషి గురించిన సమాచారం. సదర్లాండ్ నాటి నుంచీ వి.ఆర్. పనిచేయాలంటే తల, చేతుల కదలికలను నిరంతరం కొలవాల్సిందే. అది ఈ యంత్రానికి ఊపిరి. 2020లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 511 మందితో చేసిన అధ్యయనంలో, ఒక్కొక్కరి నుంచి ఐదు నిమిషాల లోపు కదలికల సమాచారం తీసుకుంటే చాలు, పేరు లేకుండానే మనిషిని 95 శాతం కచ్చితంగా గుర్తుపట్టవచ్చని తేలింది. నడకను బట్టి, మెడ తిప్పే తీరును బట్టి మన ఊళ్ళో దూరం నుంచే "అదిగో ఫలానావారి అబ్బాయి" అని గుర్తుపడతాం కదా, యంత్రమూ అదే చేస్తోంది. వేలిముద్ర వేసేటప్పుడు వేస్తున్నామని మనకు తెలుసు. తల ఊపేటప్పుడు సంతకం చేస్తున్నామని ఎవరికి తెలుసు? 2020లో హెడ్‌సెట్ వాడాలంటే ఫేస్‌బుక్ ఖాతా తప్పనిసరి చేసినప్పుడు జర్మనీలో పోటీ నియంత్రణ సంస్థ విచారణ మొదలుపెట్టింది. 2022లో ఆ షరతు తొలగింది. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అయితే శరీరానికి సంబంధించిన సున్నిత సమాచారానికి అందులో విడిగా ఒక వర్గం లేదు. న్యాయశాస్త్రం చదివే మిత్రులు ఉంటే దీని గురించి వారితో చర్చించండి.

ఇతరుల చోటులో నిలబడటం

2015లో ఐక్యరాజ్యసమితి కోసం 'క్లౌడ్స్ ఓవర్ సిద్రా' అనే వి.ఆర్. చిత్రం తీశారు. జోర్డాన్‌లోని జాతరి శరణార్థి శిబిరంలో పన్నెండేళ్ళ సిరియన్ బాలిక జీవితం అది. దాన్ని దావోస్‌లో సంపన్నులకు చూపించారు. దర్శకుల్లో ఒకరైన క్రిస్ మిల్క్ వి.ఆర్.ను సానుభూతి పుట్టించే యంత్రంగా వర్ణించాడు. ఇది శ్రీరంగపట్నానికి తిరగబడిన రూపం కదా, ఈసారి బాధితుల పక్కన నిలబడ్డాం కదా అని మీకు అనిపించవచ్చు. నాకు సగం మాత్రమే అనిపిస్తుంది. ఎనిమిదిన్నర నిమిషాల తరువాత హెడ్‌సెట్ తీసేసే వెసులుబాటు చూసేవారికి ఉంది, సిద్రాకు లేదు. ఆమె దగ్గరకు మనం వెళ్ళాం, ఆమె మనల్ని చూడలేదు. అయినా శిబిరం నేల మీద నిలబడ్డ అనుభవం ఒక వార్తాకథనం కన్నా గట్టిగా తగులుతుందన్నదీ కాదనలేం.

శరీరం లోపలికి వెళ్ళాక శరీరానికి జరిగే అన్యాయాలూ లోపలికి వచ్చాయి. 2016లోనే ఒక బహుళ వ్యక్తుల ఆటలో మరో ఆటగాడి కల్పిత చేతులు తనను అసభ్యంగా తాకబోయాయని ఒక మహిళ బహిరంగంగా రాసింది. అది నిజం కాదుగా అన్నవారు చాలామంది. నిజమనిపించడమే ఆ యంత్రం అమ్ముకునే గుణమైతే, హాయి నిజమై అవమానం మాత్రం అబద్ధం ఎలా అవుతుంది? 2022లో మెటా తన వేదికల్లో ఒకరికొకరు సుమారు నాలుగు అడుగుల దూరంలో ఉండేలా కంచె పెట్టింది. మరోవైపు హెడ్‌సెట్లలో కటకాల మధ్య దూరం చాలామంది మహిళల కళ్ళకు సరిపడకపోవడం వల్ల వారికి వికారం ఎక్కువగా కలుగుతోందని పరిశోధకులు చూపారు. ఎవరి తలను కొలిచి యంత్రం చేశారన్నదీ సామాజిక చరిత్రే.

దూరవిద్యలో చదువుతున్న మీకు ప్రయోగశాలల కొరత అనుభవమే. 2009 నుంచి కేంద్ర ప్రభుత్వ సహాయంతో సాగుతున్న 'వర్చువల్ ల్యాబ్స్' ప్రాజెక్టులో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామి. పేరులో 'వర్చువల్' ఉన్నా అవి మామూలు కంప్యూటర్ తెర మీద పనిచేసే ప్రయోగాలు, హెడ్‌సెట్ అక్కర్లేదు. మనవంటి దేశంలో అదే వాటి బలం. 2024లో ఆపిల్ విడుదల చేసిన హెడ్‌సెట్ ధర 3,499 డాలర్లు. మూడు లక్షల రూపాయల దాకా తేలే ఆ పరికరాన్ని ఒక అధ్యయన కేంద్రం కొన్నా, బీరువాలో పెట్టి తాళం వేస్తారని నా అనుభవం చెబుతోంది.

ఆధారాలు నిలుస్తాయా?

చివరిగా, మన వృత్తికి సంబంధించిన ఒక చిక్కు. కెర్ పోర్టర్ భారీ చిత్రం నేడు లేదు. కానీ దాని ఆధారంగా వెండ్రమీనీ చెక్కిన ముద్రణలు ఉన్నాయి కనుక ఆ చిత్రంలో ఏముందో చెప్పగలుగుతున్నాం. స్టీరియోస్కోపు ఫోటోలు పాతపుస్తకాల దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతాయి, చూడటానికి రెండు కళ్ళు చాలు. వి.ఆర్. రచన అలా కాదు. ఆ హెడ్‌సెట్, ఆ కంప్యూటర్, ఆ సాఫ్ట్‌వేర్ మూడూ కలిసి పనిచేస్తేనే అది ఉన్నట్టు. 1990ల నాటి అనేక కల్పిత లోకాల గురించి నేడు మనకు మిగిలింది ఫోటోలు, వీడియోలు, చూసినవారి వర్ణనలు. గూగుల్ కార్డ్‌బోర్డ్ అమ్మకాన్ని 2021లో ఆపేశారు. ఆదివారం తరగతిలో నేను తిప్పిన అట్టపెట్టె మా ఇంట్లో అటక మీద ఉంది. రబ్బరు పట్టీ సాగిపోయింది, కటకాలు బాగానే ఉన్నాయి. అందులో చూపించిన ఆ కట్టడం మాత్రం నా కొత్త ఫోనులో తెరుచుకోవడం లేదు.